రాళ్లు కిడ్నీలో, దెబ్బ వెన్నులో: ఒక లారీ డ్రైవరు కాల్షియం లెక్క

ఎక్స్‌రే ఫిలిమును వెలుగు పెట్టె మీద పెట్టగానే కవరు మారిందేమో అనుకున్నాను. ఎదురుగా కూర్చున్న మనిషి పళ్ల మీద గోధుమరంగు చారలున్నాయి. పుట్టి పెరిగింది పొదిలి వైపు పల్లెలో, బోరు నీళ్లు తాగి. అలాంటివారి వెన్ను ఎక్స్‌రేలో సుద్దముక్కలా తెల్లగా, చిక్కగా కనిపించడం మాకు అలవాటు. దేశంలో ఎముకల ఫ్లోరోసిస్ (నీళ్లలోని ఫ్లోరైడు వల్ల వచ్చే జబ్బు) గురించి తొలి వివరాలు 1937లో వైద్య పత్రికకెక్కింది ఈ ప్రాంతం నుంచే. దర్శి, పొదిలి అప్పట్లో నెల్లూరు జిల్లాలో ఉండేవి. ఈయన వెన్నుపూసలు మాత్రం పెన్సిలుతో అంచులు గీసి లోపల నింపడం మరిచిపోయినట్టున్నాయి. నడుములోని మొదటి పూస ముందువైపు అణిగిపోయి ఉంది.

వయసు 43. బరువు 68 కిలోలు. చీమకుర్తి నుంచి గ్రానైట్ లోడు వేసుకుని రేవులకు తిరిగే లారీ డ్రైవరు. తొమ్మిది నెలల కిందట దారిలో టైరు పంక్చరైతే స్టెప్నీ ఎత్తబోయారు, నడుములో కలుక్కుమంది. వారం రోజులు నూనె రాసి, పట్టీ కట్టి బండి నడిపారు. తర్వాత చూపించుకుంటే పూస విరిగిందన్నారు. నలభై దాటిన మగవాడికి స్టెప్నీ ఎత్తితే పూస విరగకూడదు. ఆ మాట అక్కడ ఎవరికీ తట్టినట్టు లేదు. రోజుకు 1000 మిల్లీగ్రాముల కాల్షియం మాత్రలు, వారానికో 60,000 యూనిట్ల విటమిన్ డి పొడి రాసి పంపారు. ఎన్నాళ్లు వాడాలో చీటీలో లేదు. ఆయన ఎనిమిది నెలలు వాడారు. ఎనిమిదో నెలలో కిడ్నీలో కొత్త రాయి వచ్చింది.

నా దగ్గరకు ఆయన వచ్చింది ఆ రాయి గురించీ కాదు, విరిగిన పూస గురించీ కాదు. రక్తపోటుకు రెండేళ్లుగా ఆమ్లోడిపిన్ 5 మిల్లీగ్రాములు వేసుకుంటున్నారు. అది 'కాల్షియం ఛానెల్ బ్లాకర్' అని ఎవరో ఫోనులో చూసి చెప్పారట. "కాల్షియం దారి మూసేసే మాత్ర అంట గదా డాక్టర్ గారూ! ఎముకలు ఇట్లా అయింది దానివల్లేనా?" అన్నారు.

నవ్వి పంపించదగ్గ ప్రశ్న కాదు ఇది. తప్పు తలుపు దగ్గరైనా ఆయన తట్టింది సరైన ఇంటినే. ఈ కేసు మొత్తం కాల్షియం దారుల కథే.

(రోగి అనుమతి తీసుకున్నాను. ఆయనెవరో తెలిసిపోయే వివరాలు కొన్ని మార్చాను. అంకెలు మార్చలేదు.)

తవ్విన చరిత్ర

తొమ్మిదేళ్లలో మూడుసార్లు రాళ్లు. ఒకసారి లేజరుతో పగలగొట్టించుకున్నారు. ఏ రాయినీ పరీక్షకు పంపలేదు. మొదటి రాయి పడినప్పుడే 'పాలు, పెరుగు మానేయండి, రాయి కాల్షియమే కదా' అన్నారట. ఆయన మాట తప్పే మనిషి కాదు. తొమ్మిదేళ్లుగా పెరుగన్నం ముట్టలేదు. పథ్యం ఇంత నిష్ఠగా పాటించే రోగి నాకు అరుదుగా దొరుకుతాడు. దొరికినప్పుడు పథ్యమే తప్పయింది.

మిగతా తిండి దాబాల్లో: మధ్యాహ్నం కోడి, రాత్రి కోడి లేదా మాంసం, పక్కన ఊరమిరపకాయలు, అప్పడం, ఇంటి నుంచి కట్టుకెళ్లిన ఆవకాయ. బండి ఆపాల్సి వస్తుందని నీళ్లు తక్కువ తాగేవారు. పొగ మానేసి ఆరేళ్లయింది, మందు అలవాటు లేదు, స్టెరాయిడ్లు వాడలేదు. అన్నగారికి కూడా రాళ్లున్నాయి. తల్లి అరవై రాకముందే వంగిపోయిందని భార్య చెప్పారు. అందరూ దాన్ని నీళ్ల జబ్బనే అనుకున్నారు. కావచ్చు, కాకపోనూవచ్చు. ఆ తల్లి ఎక్స్‌రే ఇప్పుడు దొరకదు.

మోచేతి కింద రెండు ఎముకల నడుమ ఉండే పొర ఫ్లోరోసిస్‌లో సున్నం పట్టి ముళ్లలా కనబడుతుంది. ఈయనకు అది లేదు. ఎముక సాంద్రతను కొలిచే డెక్సా స్కానులో, విరిగిన పూసను వదిలేసి లెక్కిస్తే, వెన్నులో జడ్ స్కోరు మైనస్ 2.6, తుంటి మెడలో మైనస్ 1.7. యాభై లోపు మగవారిలో యువకులతో పోల్చే టీ స్కోరు చూడకూడదు, తన వయసువారితో పోల్చే జడ్ స్కోరే చూడాలి. మైనస్ 2 కంటే కిందకు పోతే కారణం వెతకాలి. ఫ్లోరైడు వెన్నులో సాంద్రతను పెంచి చూపిస్తుంది కాబట్టి అసలు లోటు ఇంకా ఎక్కువే ఉండవచ్చని నా అనుమానం.

రక్తంలో కాల్షియం 9.6, ఫాస్ఫేట్ 3.1, క్రియాటినిన్ 0.9. రక్తంలో కాల్షియం తగ్గితే పెరిగే పారాథైరాయిడ్ హార్మోను 24, అంటే మామూలు హద్దుల్లోనే, కాస్త దిగువన. థైరాయిడ్, టెస్టోస్టిరాన్, గోధుమ పడని జబ్బుకు చేసే పరీక్ష, మైలోమా అనే ఎముక మజ్జ క్యాన్సరు కోసం ప్రోటీన్ల పరీక్ష, బైకార్బొనేట్: అన్నీ సవ్యం. విటమిన్ డి మాత్రం 78 నానోగ్రాములు. మన దగ్గర లోటుతో వచ్చేవారే ఎక్కువ. ఇంత నిండుగా ఉంటే పొడి ప్యాకెట్లు లెక్కపెట్టాలి.

కూలెంటు డబ్బా

ఇక మిగిలింది మూత్రం. 24 గంటల మూత్రం పట్టి తెమ్మన్నాను. చెప్పడం తేలిక. బండి మీద బతికే మనిషికి అదెంత కష్టమో చెప్పాక గాని తెలియలేదు. మొదటిసారి కూలెంటు డబ్బా కడిగి అందులో తెచ్చారు. పారబోయించాను. రెండోసారి డబ్బా సరైనదే, కానీ కండరాల నుంచి రోజూ దాదాపు ఒకే మోతాదులో మూత్రంలోకి వచ్చే క్రియాటినిన్ మొత్తం 780 మిల్లీగ్రాములే వచ్చింది. ఈ బరువున్న మగవాడికి 1300 పైన రావాలి. సగం మూత్రం దారిలో ఏ చెట్టు కిందో పోయిందన్నమాట. ఆ నివేదికలో కాల్షియం 240 అని ఉంది. క్రియాటినిన్ చూడనివారు దాన్ని నార్మల్ అని చదివి ఫైలు మూసేసేవారు. బండి సర్వీసింగుకు వెళ్లిన రోజు మూడోసారి పట్టారు. క్రియాటినిన్ 1410 వచ్చింది, ఇక నమ్మవచ్చు.

పరిమాణం లీటరుకు కాస్త పైన. రాళ్లు కట్టకుండా అడ్డుకునే సిట్రేట్ తక్కువ. సోడియం 268 మిల్లీమోళ్లు, ఉప్పు లెక్కలో పదిహేను గ్రాముల పైమాటే. కాల్షియం 462 మిల్లీగ్రాములు. మగవారికి 300, లేదా కిలో బరువుకు 4 మిల్లీగ్రాములు హద్దుగా చూస్తాం. రెండో లెక్కన ఈయన హద్దు 272.

మాత్రలు, పొడి అన్నీ ఆపించి పన్నెండు వారాలు ఆగాను. విటమిన్ డి కొవ్వులో దాక్కుంటుంది కాబట్టి తొందరపడితే దాని ప్రభావాన్నే కొలుస్తాం. పన్నెండు వారాల తర్వాత విటమిన్ డి 41కి దిగింది. మూత్రంలో కాల్షియం 336. పరగడుపున తీసిన మూత్రంలో కాల్షియానికీ క్రియాటినిన్‌కూ నిష్పత్తి 0.16. అది 0.11 లోపు ఉండాలి.

ఇక్కడ కాసేపు ఆగాలి. పాలు, పెరుగు లేని ఆయన తిండిలో కాల్షియం రోజుకు 350 మిల్లీగ్రాములకు మించదని లెక్క తేలింది. జాతీయ పోషకాహార సంస్థ 2020లో పెద్దలకు నిర్ణయించినది 1000. తిన్నది 350, మూత్రంలో పోయింది 336. పేగు తిన్నదంతా ఎప్పుడూ పీల్చుకోదు. ఎంత ఉదారంగా లెక్క వేసినా 200 పైచిలుకు లోపలికి వెళ్లి ఉంటుంది. మిగతా వంద ఎక్కడి నుంచి వచ్చింది? పరగడుపు పరీక్షే జవాబు చెబుతోంది: తిండి లేని గంటల్లోనూ కాల్షియం వస్తూనే ఉంది. ఒంట్లో కిలో దాకా ఉండే కాల్షియంలో 99 శాతం ఎముకల్లోనే. అప్పు తెచ్చుకోవడానికి వేరే ఇల్లు లేదు. ఈ లెక్కను తొమ్మిదేళ్లకు గుణించకండి. అలా గుణిస్తే అస్థిపంజరంలో మూడో వంతు ఈపాటికి పోయి ఉండాలి. కొన్నాళ్లు తక్కువ పోయి ఉంటుంది, కొన్నాళ్లు ఎక్కువ. దిశ మాత్రం ఇదే.

కారణం దొరకని ఈ స్థితికి ఆల్‌బ్రైట్ బృందం 1953లో 'ఇడియోపతిక్ హైపర్‌కాల్షియూరియా' అని పేరు పెట్టింది. పాల పథ్యం దీన్ని ఎలా చెడగొడుతుందో 1982లోనే షికాగోలో ఫ్రెడ్రిక్ కో బృందం చూపించింది: ఇలాంటివారికి కాల్షియం తక్కువ తిండి పెడితే చాలామందికి తిన్నదానికంటే మూత్రంలోనే ఎక్కువ పోయింది. రాళ్లకైనా మేలు జరిగిందా? 2002లో ఇటలీ నుంచి వచ్చిన అధ్యయనంలో ఈ జబ్బున్న 120 మంది మగవారిని అయిదేళ్లు చూశారు. కాల్షియం తగ్గించిన 60 మందిలో 23 మందికి రాళ్లు మళ్లీ వచ్చాయి. కాల్షియం మామూలుగా ఉంచి ఉప్పు, మాంసం తగ్గించిన 60 మందిలో 12 మందికే వచ్చాయి. పేగులో కాల్షియం లేకపోతే, కాల్షియంతో కలిసి రాయి కట్టే ఆక్సలేట్ తోడు లేక రక్తంలోకి దూరి కిడ్నీ చేరుతుంది, అదీ కారణం. ఇది విన్న ఆయన భార్య "కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నమాట" అన్నారు. ఇరవై ఏళ్లు దాటిన పాత సంగతి ఊళ్లోకి ఇంకా ఎందుకు రాలేదని ఆవిడ అడగలేదు, అడిగితే నా దగ్గర జవాబు లేదు.

ఏ తలుపు?

కిడ్నీలు రోజుకు దాదాపు పది గ్రాముల కాల్షియాన్ని వడగట్టి అందులో 98 శాతానికి పైగా తిరిగి లాగేసుకుంటాయి. ఎక్కువ భాగం మొదటి మలుపుల్లోనే, నీళ్ల వెంట, ఉప్పు వెంట, కణాల సందుల్లోంచి వెనక్కి వస్తుంది. చివర్లో మిగిలే పది శాతం లోపు కాల్షియానికి మాత్రం కణం గుండా నడిచే ప్రత్యేక దారి ఉంది. దాని వాకిలి టీఆర్‌పీవీ5 అనే ఛానెల్. 1999లో నెదర్లాండ్స్‌లోని నైమేఖెన్ పరిశోధకులు కుందేలు కిడ్నీ నుంచి దీన్ని పట్టుకున్నారు. పేగులో ఇదే పని చేసే దాని తోబుట్టువు టీఆర్‌పీవీ6 అదే ఏడాది అమెరికాలో దొరికింది.

మా రోగి ప్రశ్నకు జవాబు ఇక్కడుంది. ఆమ్లోడిపిన్ మూసేవి ఎల్ రకం ఛానెళ్లు. రక్తనాళాల కండరంలో విద్యుత్తు మారినప్పుడు అవి తెరుచుకుంటాయి. టీఆర్‌పీవీ5 విద్యుత్ సంకేతం కోసం కాచుకుని ఉండదు, ఎప్పుడూ ఓరగా తెరిచే ఉంటుంది. ఆ మందు దీని జోలికి రాదు. ఎల్ రకం ఛానెళ్లు ఎముక కట్టే కణాల మీద కూడా ఉన్న మాట నిజమే. అయినా ఆ మాత్రల వల్ల మనుషుల ఎముకలు గుల్లబారతాయనడానికి గట్టి ఆధారం లేదు. ఆయన మాత్ర ఆపలేదు.

టీఆర్‌పీవీ5 లేకుండా పుట్టించిన ఎలుకల సంగతి 2003లో వచ్చింది. వాటి మూత్రంలో కాల్షియం ఆరు రెట్లు పోయింది. పోయినదాన్ని పూడ్చుకోవడానికి చురుకైన విటమిన్ డి పెరిగింది, పేగు ఎక్కువ పీల్చింది, అయినా ఎముకలు పలుచబడ్డాయి. చదువుతుంటే మా రోగి ఫైలే చదువుతున్నట్టుంటుంది. ఆయన చురుకైన విటమిన్ డి కూడా 71 పికోగ్రాములు, పై హద్దును రాసుకుంటూ ఉంది. అయినా ఈయన జబ్బు టీఆర్‌పీవీ5 లోపమని నేను రాయను. జన్యు పరీక్ష చేయించలేదు. ఖర్చు ఆయనకు భారం, ఫలితం ఏదైనా నా మందు మారదు. పైగా నిజంగా కిడ్నీయే మొదట కారితే పారాథైరాయిడ్ హార్మోను పైకి ఎగబాకాలి, ఇక్కడ దిగువనే ఉంది. ఈ జబ్బున్నవారిలో పేగు, కిడ్నీ, ఎముక మూడూ కొంత కొంత తప్పు చేస్తాయన్నదే నేటి అవగాహన. పాఠ్యపుస్తకంలో మూడు గడులు గీసి ఉంటాయి గాని రోగులు గడుల్లో ఇమడరు.

నాకు చికిత్సలో అక్కరకొచ్చింది ఈ తలుపుల స్వభావం. ఉప్పు ఎక్కువైతే కిడ్నీ మొదటి మలుపుల్లోనే సోడియంతో పాటు కాల్షియాన్నీ వదిలేస్తుంది: వంద మిల్లీమోళ్ల సోడియానికి దాదాపు 40 మిల్లీగ్రాముల కాల్షియం. రోజూ మాంసం తింటే మూత్రం ఆమ్లమవుతుంది, ఆమ్లం టీఆర్‌పీవీ5ను అణుస్తుంది. ఆవకాయ ఒక తలుపు దగ్గర, కోడికూర ఇంకో తలుపు దగ్గర కూర్చున్నాయి.

ఎముకలోనూ ఛానెళ్లున్నాయి. ఎముకను కరిగించే ఆస్టియోక్లాస్టు కణాలు పుట్టాలంటే లోపల కాల్షియం అలలు అలలుగా లేవాలని, ఆ అలలే ఎన్‌ఫాట్‌సి1 అనే మీటను నొక్కుతాయని 2002లో జపాన్ పరిశోధకులు చూపించారు. కణం పెద్దదయ్యాక టీఆర్‌పీవీ4 అనే ఇంకో ఛానెల్ గుండా వచ్చే నిలకడైన ప్రవాహం దాన్ని నడిపిస్తుంది. విచిత్రమేమిటంటే, మన టీఆర్‌పీవీ5 కూడా ఆ కణం ఎముకను తవ్వే అంచున ఉంటుంది. అది లేని ఎలుకల్లో ఆస్టియోక్లాస్టులు సంఖ్యలో పెరిగాయి గాని తవ్వడం చేతకాలేదు. అంటే ఇదే ఛానెల్‌ను మందుతో మూస్తే ఎముక దగ్గర లాభం, కిడ్నీ దగ్గర నష్టం. గుల్లబారే ఎముకలకు ఛానెల్ మందు త్వరలో వస్తుందని వార్తలు చూసినప్పుడల్లా నాకు ఈ ఎలుకలు గుర్తొస్తాయి.

ఇంకో ఛానెల్ పీజో1. 2010లో ఆర్డెమ్ పటపూటియన్ బృందం కనుగొంది, 2021 నోబెల్‌లో ఆయన వాటా అందుకే. ఎముక కణం మీద బరువు పడితే ఇది తెరుచుకుంటుంది, ఎముక కట్టమని సంకేతం వెళ్తుంది. రోజుకు పన్నెండు గంటలు సీటులో కూర్చునే మనిషికి అది ఎన్నిసార్లు తెరుచుకుంటుంది?

చేసినవి, చేయనివి

మొదట పాలు, పెరుగు తిరిగి మొదలుపెట్టించాను. ఆయన భయపడ్డారు. తొమ్మిదేళ్ల పథ్యాన్ని ఒక్క మాటతో తీసేస్తే ఎవరికైనా భయమే. భోజనంతో పాటే తినమని చెప్పాను, పేగులో ఆక్సలేట్‌ను పట్టుకోవడానికి. ఊరమిరపకాయలు, అప్పడం వద్దన్నాను. ఆవకాయ దగ్గర బేరం నడిచింది: ఆదివారం ఒక్క పూట. మాంసం రోజు విడిచి రోజు. రెండు లీటర్ల సీసాలు రెండు బండిలో పెట్టుకోమన్నాను. కాల్షియం మాత్రలు లేవు.

రెండు నెలల తర్వాత మూత్రంలో సోడియం 148కి వచ్చింది. తినే కాల్షియం 900 దాకా పెరిగినా మూత్రంలో 302కి తగ్గింది. అప్పుడు మూత్రంలో కాల్షియాన్ని తగ్గించే రక్తపోటు మాత్ర, క్లోర్‌థాలిడోన్ 12.5 మిల్లీగ్రాములు, ఉదయం. కాల్షియం 241 అయింది. 25కి పెంచితే 188. దానితో పొటాషియం 3.2కి పడిపోయింది. అది పడితే మూత్రంలో సిట్రేట్ కూడా పడిపోతుంది, రాళ్లకు మళ్లీ దారి. పొటాషియం సిట్రేట్ ద్రవం కలిపాను. రుచి దారుణమన్నారు, నిజమే.

ఈ థయజైడ్ జాతి మందు టీఆర్‌పీవీ5 తలుపును తెరుస్తుందని నేను చదువుకున్నాను, చాలాకాలం విద్యార్థులకూ అదే చెప్పాను. ఆ ఛానెల్ అసలే లేని ఎలుకల్లోనూ మందు కాల్షియాన్ని ఆపిందని 2005లో అదే నైమేఖెన్ నుంచి వచ్చింది. ఒంట్లో నీరు, ఉప్పు కాస్త తగ్గేసరికి మొదటి మలుపులే సోడియాన్ని గట్టిగా లాగుతాయి, వెంట కాల్షియం వస్తుంది. అందుకే ఉప్పు తగ్గించని రోగికి ఈ మందు పెద్దగా పనిచేయదు. ఇంకో సంగతి దాచకూడదు. 2023లో స్విట్జర్లాండ్ అధ్యయనంలో హైడ్రోక్లోరోథయజైడ్ 416 మందిలో రాళ్లను ఉత్తుత్తి మాత్రకంటే మెరుగ్గా ఆపలేకపోయింది. ఆ తర్వాత రాళ్ల కోసమే అయితే దీన్ని ముందులాగా ధీమాగా రాయడం మానేశాను. ఈయనకు రాసింది ఎముక కోసం, రక్తపోటు కోసం.

ఏడాదికి డెక్సాలో వెన్ను సాంద్రత 2 శాతం పెరిగింది. యంత్రం పొరపాటు హద్దుల్లోనే ఉండే పెరుగుదల, చంకలు గుద్దుకోవలసింది కాదు. పూస విరిగినవాడికి మొదటి రోజే ఎముక కరగడాన్ని ఆపే అలెండ్రోనేట్ ఇవ్వాల్సిందని నా మిత్రులు కొందరు అన్నారు. తూటు పూడ్చకుండా మందు ఎక్కిస్తే కొలిచినదేమీ అర్థం కాదని నేను ఆగాను. ఆ ఏడాదిలో ఇంకో పూస విరిగి ఉంటే ఈ వాక్యం ఇంత ధైర్యంగా రాసేవాడిని కాదు. ఏడాది తర్వాత వారానికో 70 మిల్లీగ్రాముల అలెండ్రోనేట్ చేర్చాను. పరగడుపున వేసుకుని అరగంట నిటారుగా కూర్చోవాలి. "దానికేముంది, అది నా ఉద్యోగమే" అన్నారు. రెండో ఏడాది చివరికి పెరుగుదల మొత్తం 6 శాతం, జడ్ స్కోరు మైనస్ 2.1. ఇందులో పెరుగుకెంత, క్లోర్‌థాలిడోన్‌కెంత, అలెండ్రోనేట్‌కెంత వాటా ఇవ్వాలో ఒక్క రోగిని చూసి పంచలేను. కొత్త రాయి లేదు, కొత్తగా పూస విరగలేదు. లోడు దిగేదాకా బండి చుట్టూ నడవమన్నాను. కొన్నాళ్లు నడిచారు.

క్లోర్‌థాలిడోన్‌తో రక్తపోటు 112/70కి దిగేసరికి ఆమ్లోడిపిన్ ఆపాల్సి వచ్చింది. "చూశారా, చివరికి దాన్నే తీసేశారు" అన్నారు, గెలిచిన మొహంతో. తీసింది రక్తపోటు తగ్గినందుకని రెండుసార్లు చెప్పాను. ఊళ్లో ఇంకోలా చెప్పుకుంటున్నారని భార్య ద్వారా తెలిసింది.

అన్నగారు వచ్చే సోమవారం వస్తున్నారు. ఆయనా పదేళ్లుగా పాలు మానేసినవారే. ఈసారి డబ్బా ముందుగానే మా దగ్గర నుంచి పంపించాను.